గుణమా, రోగమా?

సూరత్ నగరానికి ఆగ్నేయదిశలో లింబాయత్ అనే పేట ఉన్నది. తాపీనది ఒడ్డున ఉన్న పాతకోటను, ఆంగ్లేయుల, డచ్చివారి సమాధులను చూడవచ్చిన యాత్రికులు ఇటు రారు. చరిత్రకారుడు ఆగి చూడదగిన కట్టడం ఇచట లేదు. ఉన్నది చప్పుడు. పగటి షిఫ్టువారు దిగి రాత్రి షిఫ్టువారు ఎక్కినా ఆగని మరమగ్గాల చప్పుడు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలు అంటారు. లింబాయత్‌లో నేను కలిసికొన్న తెలుగువారి నోటను కూడ ఆ మాటయే విన్నాను. తెలంగాణ పద్మశాలీలు మగ్గం పనిని వెదకికొనుచు మొదట షోలాపురానికి, భీవండికి, బొంబాయికి పోయినారు. పిమ్మట సూరత్‌కు వచ్చినారు. నేసిన మీటర్ల లెక్కను కూలి, పండ్రెండు గంటల షిఫ్టు, ఒక గది కాపురం. సూరత్ నగరపాలిక వీరి పిల్లలకై తెలుగు మాధ్యమంలో కూడ ప్రాథమిక పాఠశాలలను నడుపుచున్నది. బతుకమ్మ పండుగనాడు ఈ ఇరుకు సందులలో పూలు కనబడును.

సూరత్‌కును తెలుగుదేశానికిని బట్టతో కలిగిన సంబంధం కొత్తది కాదు. ఇంగ్లీషు కుంఫిణీవారు 1611లో మచిలీపట్నంలోను, 1613లో సూరత్‌లోను కొట్లు పెట్టినారు. రెండు రేవులకును ప్రాణం బట్టయే. రత్నాల వర్తకుడు తావెర్నియే సూరత్ నుండి గోలకొండకు పోయిన దారి నేటికిని పటంలో గీయవచ్చును. ఆనాడు బట్ట రేవుకు వచ్చెడిది, నేసినవాడు తన ఊళ్ళోనే ఉండెడివాడు. నేడు నేయువాడే సంసారంతో సహా నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్లున ఎక్కి సూరత్‌లో దిగుచున్నాడు. ఈ వ్యాసం బట్టను గురించి కాదు. అయితే ఈ వలసను తెలిసికొననిదే, ఇక ముందు చెప్పబోవు ఇంటిని అర్థం చేసికొనుట కష్టం.

నా వృత్తి అనువాదం. హిందీ నుండి తెలుగులోనికి, తెలుగు నుండి హిందీలోనికి ముప్పది ఏండ్లుగా మాటలను దాటించుచున్నాను. నా చెల్లెలి కాపురం లింబాయత్‌లో. ఒక చలికాలం నేను అచట ఉండగా, ప్రక్కసందులోని ఒక తల్లి చెల్లెలిని అడిగిన దేమనగా, "మీ అన్నకు హిందీ మంచిగొస్తదట కదా, దవాఖానకు జర తోడొస్తడా" అని. ఆమె సూరత్‌కు వచ్చి ఇరువది ఏండ్లయినది. ఆమెకు హిందీ రాదనుటకు వీలు లేదు. కూరలు బేరమాడు హిందీ వచ్చును, కిరాయి అడిగిన యజమానికి గడువు చెప్పు హిందీ వచ్చును. మనసును గురించి చెప్పు హిందీ రాదు. ఆ హిందీ ఎవరు నేర్పుదురు?

ఆమె కూతురికి పందొమ్మిది ఏండ్లు. తన చేతికి తానే గాయం చేసికొనుట అది రెండవసారి. డాక్టరుగారు హిందీవారు, నెమ్మది గలవారు. తల్లినీ కూతురినీ విడివిడిగాను, కలిపియు చాలసేపు విన్నారు. అమ్మాయి హిందీలోనే మాట్లాడినది. ఆమె చదివినది హిందీ బడిలో. తల్లి బజారుకు పోయి పది నిమిషాలు ఆలస్యమైతే ఆమె చనిపోయి ఉండును, లేదా తనను విడిచి పోయి ఉండును అని నిశ్చయముగా అనిపించునట. తీరా తల్లి సంచితో గుమ్మంలోనికి రాగానే, అంతసేపు భయపెట్టినందుకు ఆమెను క్షమించుట తనవలన కాదట. ఇది చెప్పి అమ్మాయి నా వైపు తిరిగి, "అంకుల్, ఇది అమ్మకు చెప్పకండి" అని హిందీలోనే అన్నది. ప్రక్కనే కూర్చున్న తల్లి మా ఇద్దరి ముఖాలను మార్చి మార్చి చూచినది. తన కడుపున పుట్టిన బిడ్డ తన బాధను తనకు తెలియని భాషలో చెప్పుకొనుచుండగా ఆ తల్లి అక్కడ కూర్చుండవలసి వచ్చినది. నేను చెప్పలేదు.

చివరకు డాక్టరుగారు రోగం పేరు చెప్పినారు: సీమాంత వ్యక్తిత్వ వికార్. హిందీ వైద్యగ్రంథాలలో స్థిరపడిన పేరు అది. ఇంగ్లీషులో బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అంటారు. నేను క్షణమైనను ఆలోచింపక, "అమ్మా, దీనిని సరిహద్దు వ్యక్తిత్వ వికారం అంటారు" అన్నాను.

ఆమె ముఖం పాలిపోయినది. "అంటె నా బిడ్డ గుణమే వికారమంటున్నడా అన్నా?" అన్నది.

తప్పు నాది. వికార శబ్దం సంస్కృతంలో మార్పును, సహజస్థితి చెడుటను చెప్పును. హిందీలో అది ఆ అర్థంతోనే నిలిచి, మనోవికార మన్నను, హృదయ వికార మన్నను ఎవరికిని అవమానం కాని వైద్యుల మాట అయినది. తెలుగులోనికి వచ్చిన వికారం వేరొక దారి పట్టినది. మనకు వికారమనగా అసహ్యమైన రూపం, లేదా కడుపులో త్రిప్పుట. ఒకే తల్లి బిడ్డలైన రెండు మాటలు, ఒకటి ఆస్పత్రికి, ఒకటి తిట్టులోనికి పోయినవి. ముప్పది ఏండ్లు ఈ రెండు భాషల నడుమ తిరిగినవాడు తెలిసి ఉండవలసిన సంగతి ఇది. పుస్తకంలో ఇట్టి తప్పు చేసినచో మలి ముద్రణలో దిద్దుకొనవచ్చును. ఆ తల్లి చెవిని పడిన మాటకు మలి ముద్రణ లేదు.

ఆమె అడిగిన ప్రశ్న మాత్రం నన్ను విడువలేదు. గుణమా, రోగమా? తరువాత ఆ రోగ చరిత్రను చదువగా నాకు తెలిసిన దేమనగా, ఎనుబది ఏండ్లకు పైగా పెద్ద పెద్ద వైద్యులు పెనుగులాడినది ఈ ప్రశ్నతోనే.

ప్రాచీనులు ఈ రెండింటిని వేరువేరు అరలలో ఉంచినారు. చరకసంహితలో ఉన్మాదానికి నిదానస్థానంలో ఒక అధ్యాయం, చికిత్సాస్థానంలో ఒక అధ్యాయం ఉన్నవి. దోషాల వలన లోపల పుట్టిన ఉన్మాదం, బయటి నుండి సోకిన ఉన్మాదం అను విభాగం కూడ అందు కలదు. మనుష్యుల స్వభావభేదాలను అదే గ్రంథం శారీరస్థానంలో వేరుగా చెప్పినది: సాత్త్వికమైనవి ఏడు, రాజసమైనవి ఆరు, తామసమైనవి మూడు. స్వభావమే రోగమై మనిషిని కాల్చివేయుచున్నప్పుడు ఏ అధ్యాయం తెరువవలెను? పాశ్చాత్య వైద్యానికి కూడ చాలకాలం ఇట్లే రెండు అరలే ఉండెడివి. మనసు కలత చెందినను లోకంతో పట్టు తప్పనివారిది న్యూరోసిస్. పట్టు తప్పి, లేనిది విని, లేనిది చూచువారిది సైకోసిస్. మొదటివారు మనోవిశ్లేషకుని గదిలో మంచంపై పడుకొని తమ కథ చెప్పుకొనెడివారు. రెండవవారు ఆస్పత్రి గోడల లోపల ఉండెడివారు.

1938లో న్యూయార్కు మనోవిశ్లేషకుడు అడాల్ఫ్ స్టెర్న్ ఒక వ్యాసం ప్రకటించినాడు. తన దగ్గరకు వచ్చు రోగులలో ఒక వర్గంవారు ఈ రెండు అరలలో దేనిలోను ఇముడుట లేదని అతని ఫిర్యాదు. వారు సైకోసిస్ రోగులు కారు. కాని మామూలు చికిత్సతో బాగుపడుటకు మారుగా మరింత కుంగిపోవుచున్నారు. వీరిని అతడు సరిహద్దు వర్గమన్నాడు. వారి లక్షణాలను పదింటిని చెప్పినాడు. అందొకటి నా దృష్టిని పట్టి నిలిపినది: మనసు నెత్తురోడుట. చిన్న దెబ్బకు కూడ ఆగని రక్తస్రావం వలె మనసు కారిపోవునట. పేరు మాత్రం ఆ నెత్తురును గురించి పుట్టలేదు, గీతను గురించి పుట్టినది.

పొలిమేర అను మాటకు మన ఊళ్ళలో ఉన్న అర్థం ఇచట తలపునకు వచ్చును. పొలిమేర కేవలం గీత కాదు, అదొక చోటు. అచట దేవత ఉండును. ఊరికి వచ్చిన తెగులును అందాక సాగనంపి వత్తురు. ఇవతలి ఊరివారు దానిని అవతలి ఊరి పాలు చేసి చేతులు కడుగుకొందురు. ఈ రోగులకు జరిగినది ఇంచుమించు అదే. 1953లో రాబర్ట్ నైట్ ఈ స్థితులను గురించి వ్రాయుచు, ఈ పేరు రోగి స్థితిని చెప్పుటకంటె వైద్యుని అనిశ్చయాన్నే ఎక్కువగా చెప్పుచున్నదని ఒప్పుకొన్నాడు. వైద్యవృత్తిలో ఇంతటి నిజాయితీ తరచు కనబడదు. అయినను పేరు పోలేదు.

తరువాతి కథను త్వరగా చెప్పవచ్చును. వియన్నాలో పుట్టి, నాజీల వలన కుటుంబంతో చిలీకి పారిపోయి, పిదప అమెరికా చేరిన ఆటో కెర్న్‌బెర్గ్ 1967లో దీనిని గీత కాదు, ఒక నిర్మాణం అన్నాడు. ఈ మనసు మనుష్యులను పూర్తిగా మంచివారుగా, లేదా పూర్తిగా చెడ్డవారుగా చీల్చి చూచునని అతని వాదం. నిన్న దేవత అయిన స్నేహితురాలు నేడు పిశాచి. 1975లో బోస్టన్ సమీపాన మక్లీన్ ఆస్పత్రికి చెందిన జాన్ గండర్‌సన్, మార్గరెట్ సింగర్‌తో కలిసి, అంతవరకు వచ్చిన వ్రాతలన్నింటిని వడకట్టి లక్షణాలను స్థిరపరచినాడు. 1980లో అమెరికా మనోవైద్య సంఘం తన మూడవ నిఘంటువులో దీనిని వ్యక్తిత్వ లోపాలలో చేర్చినది. అప్పుడు ఎనిమిది లక్షణాలు. 1994లో తొమ్మిదవది చేరినది. విడిచిపోవుదురేమో అను భయం, నిలకడ లేని సంబంధాలు, తానెవరో తనకు తెలియకుండుట, దుడుకుతనం, తన్ను తాను గాయపరచుకొనుట, గంటగంటకు మారు మనోస్థితి, లోపల శూన్యం, అణగని కోపం, ఒత్తిడిలో కొద్దిసేపు కలుగు అనుమానాలు. వీటిలో అయిదున్న చాలునన్నారు. తొమ్మిదింట అయిదు, అంతకు పైబడి ఎన్ని విధాల కూర్చవచ్చునో లెక్కించినచో 256 విధాలు తేలును. అనగా ఒకే పేరు గల ఇద్దరికి ఒక్క లక్షణమే సమానమై, తక్కినవన్నియు వేరు కావచ్చును. 2022లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పదునొకండవ వర్గీకరణ పాత అరలను చాలవరకు తీసివేసి, వ్యక్తిత్వ లోపం ఎంత తీవ్రమో మాత్రమే చూడుమన్నది. కాని సరిహద్దు అను మాటను అదియు పూర్తిగా విడువలేక, ఒక అనుబంధంగా ఉంచుకొన్నది. తప్పని తెలిసిన పేరు కూడ ఎంత గట్టిగా బ్రతుకునో అనువాదకులకు ఎవరును చెప్పనక్కరలేదు.

ఈ చరిత్రలో కుటుంబం ఎచట ఉన్నది? చాలకాలం ముద్దాయి బోనులో. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైఖ్‌మన్ స్కిజోఫ్రీనియాకు తల్లియే కారణమనునట్లు ఒక మాటను ప్రయోగించినది; ఆ మాట ఒక తరం తల్లులను దహించినది. 1975లోనే, అనగా గండర్‌సన్ లక్షణాలను కూర్చిన ఏడే, మాస్టర్‌సన్, రిన్స్‌లీ అనువారు ఈ సరిహద్దు రోగాన్ని గురించి ఒక వ్యాసం వ్రాసి, దాని శీర్షికలోనే తల్లి పాత్ర అని పెట్టినారు. బిడ్డ తన కాళ్ళపై నిలువబోవు వేళ తల్లి ప్రేమను వెనుకకు తీసికొనుటయే రోగానికి మూలమట.

ఇందులో పూర్తిగా అసత్యమే ఉన్నదని నే ననను. ఈ రోగులలో చాలమందికి బాల్యంలో హింస, నిరాదరణ, కొందరికి అంతకంటె ఘోరమైన అత్యాచారం అనుభవమైనట్లు పలు పరిశీలనలు చూపినవి. అట్టి ఇండ్లను వెనుకవేసికొని వచ్చుటకు ఈ వ్యాసం వ్రాయుట లేదు. కాని అందరి కథ అది కాదు. స్వీడను దేశపు జాబితాలలోని పదునెనిమిది లక్షలమందిని పరిశీలించిన ఒక అధ్యయనం, ఈ రోగం కలుగుటలో మనిషికి మనిషికి ఉన్న భేదంలో నూటికి 46 పాళ్ళు వంశపారంపర్యమని తేల్చినది. మిగిలినది ఇల్లు, బడి, వీధి, అదృష్టం. ఆస్పత్రులలో ఈ పేరు పొందినవారిలో ఇంచుమించు మూడువంతులు స్త్రీలే. ఇల్లిల్లు తిరిగి చేసిన అమెరికా సర్వేలో మాత్రం స్త్రీపురుషులకు భేదం అంతగా కనబడలేదు. కోపించిన పురుషుడు ఆస్పత్రికి కాక ఠాణాకు పోవును కాబోలు.

గుణమా, రోగమా అను ప్రశ్నకు నా దృష్టిలో అన్నిటికంటె మంచి సమాధానం చెప్పినది మార్షా లినెహన్. 1993లో ఆమె ప్రకటించిన గ్రంథం ప్రకారం కొందరు పుట్టుకతోనే ఎక్కువ స్పందించు మనసుతో పుట్టుదురు. అట్టి బిడ్డ ఏడ్చినప్పుడు చుట్టునున్నవారు, ఎంత ప్రేమగలవారైనను, "ఇందులో ఏడ్చుట కేమున్నది" అందురు. బిడ్డ తన బాధను నమ్మించుటకు మరింత పెద్దగా ఏడ్చును; పెద్దలు మరింత కోపింతురు. ఏండ్ల తరబడి ఇది తిరుగును. ఇందులో బిడ్డ దుష్టురాలు కానక్కరలేదు, తల్లి దుష్టురాలు కానక్కరలేదు. ఒళ్ళంతా కాలినవానికి గాలి తగిలినను మంటయే, ఈ మనసులు అట్టివని ఆమె పోలిక. 1991లో ఆమె తన మాటల చికిత్సను మామూలు వైద్యంతో పోల్చి చేసిన పరీక్షలో, తమకు తాము హాని చేసికొనుట తగ్గినట్లు చూపినది. ఆ చికిత్సలో సగం, ఉన్నదానిని ఉన్నట్లు ఒప్పుకొనుట; సగం, మార్చుకొనుట. దీనికంతటికి వెనుక ఉన్న సంగతిని ఆమె 2011లో గాని లోకానికి చెప్పలేదు. 1961లో, పదునేడేండ్ల వయస్సున, ఆమెయే హార్ట్‌ఫర్డ్‌లోని మానసిక వైద్యాలయంలో రోగిగా ఉండినది. తన్ను తాను గాయపరచుకొన్న బాలిక అది. యాభై ఏండ్ల అనంతరం అదే వైద్యాలయంలో నిలిచి ఆ మాట చెప్పినది.

ఇక బాగుపడుట సంగతి. ఈ రోగం నయం కాదను నమ్మకం వైద్యులలోనే గట్టిగా ఉండెడిది. ఈ పేరుగల రోగి వచ్చినాడనిన ముఖం చిట్లించు వైద్యులు నేటికిని లేకపోలేదు. మక్లీన్ ఆస్పత్రిలో మేరీ జనారినీ 1992లో ఆరంభించి 290 మంది రోగులను ఏండ్ల తరబడి వెంబడించినది. పది ఏండ్లలో నూటికి 93 మందికి కనీసం రెండేండ్లపాటు లక్షణాలు తగ్గి నిలిచినవి. లక్షణాలు తగ్గుటయే కాక ఉద్యోగం, స్నేహం గల నిండు బ్రతుకును అందుకొన్నవారు మాత్రం సగమే. ఈ రెండు అంకెలను కలిపియే చెప్పవలెను. మొదటిదానిని మాత్రమే చెప్పినచో ఆశపెట్టి మోసగించుట, రెండవదానిని మాత్రమే చెప్పినచో పాత అబద్ధాన్ని మరల చెప్పుట. ఈ వ్యక్తిత్వ లోపానికే అని ప్రత్యేకించి ఏ మందును ఇవ్వవలదని 2009లో బ్రిటను మార్గదర్శకాలు చెప్పినవి, మాటలే మందు. ఆత్మహత్య వలన పోవువారు మాత్రం పెక్కురని పాత పరిశీలనలన్నియు చెప్పుచున్నవి. అందుచేతనే కుటుంబాలు నిద్రపోవు.

కుటుంబాన్ని బోను నుండి దింపిన పరిశోధనలలో ఒకటి విచిత్రమైనది. ఇతర మానసిక రోగాలలో బంధువులు అతిగా పట్టించుకొని, అతిగా ఏడ్చి, అతిగా కాపాడినచో రోగం తిరుగబెట్టునని అంతకుముందు తేలినది. 1999లో జిల్ హూలీ, పెరీ హాఫ్‌మన్ ఈ సరిహద్దు రోగులను 35 మందిని పరిశీలించగా తలక్రిందులైనది: ఇంటివారు అతిగా పట్టించుకొన్నవారే ఆస్పత్రికి తక్కువగా తిరిగి వచ్చినారు. విడిచిపోవుదురను భయమే ప్రాణంగా ఉన్న రోగానికి ఆరాటపడు తల్లి అవసరమే కాబోలు. నాలుగేండ్ల తరువాత హాఫ్‌మన్‌యే మరొకటి చూపినది. ఈ రోగాన్ని గురించి ఎక్కువ తెలిసిన బంధువులకు భారం, దిగులు తగ్గుటకు మారుగా ఎక్కువగా ఉండినవి. ఉత్త సమాచారం ఓదార్పు కాదు. అందుకే ఆమె, అలన్ ఫ్రుజెట్టి కలిసి బంధువులకై పండ్రెండు వారాల శిక్షణను రూపొందించినారు. దానిని బోధించువారు కూడ బంధువులే. 2005లో ప్రకటించిన ఫలితాలలో వారి దుఃఖం, భారం తగ్గినవి.

బంధువును వైద్యంలో కూర్చుండబెట్టుట అమెరికా కనిపెట్టినది కాదు. 1950ల నాటికే అమృతసర్ మానసిక వైద్యాలయంలో డాక్టర్ విద్యాసాగర్, పడకలు చాలక, సిబ్బంది చాలక, రోగులతోపాటు వారి బంధువులను ఆవరణలోని గుడారాలలో ఉంచినాడు. పాశ్చాత్య దేశాలలో రోగిని ఇంటి నుండి విడదీయుటయే శాస్త్రమైన కాలమది. కొరత వలన పుట్టిన ఆ ఏర్పాటు చికిత్సయే అయినది. పిమ్మట వెల్లూరులోను, బెంగుళూరులోను కుటుంబం రోగితో కలిసి ఉండు వార్డులు వెలసినవి. ఈ చరిత్రను మన పాఠ్యపుస్తకాలలో ఎందుకు చేర్చరో నాకు అర్థం కాదు.

లింబాయత్‌లోని ఆ ఇంటికి గుడారం అవసరం లేదు; ఉన్నదే ఒక గది. తండ్రి రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రించవలెను. అమ్మాయి కోపం పగలే వచ్చును. గోడకు అవతల మరాఠీ కుటుంబం, ఇవతల ఉర్దూ మాట్లాడు కుటుంబం. ఏమి జరిగినను ముగ్గురికి వినబడును. తల్లి కత్తిపీటను బియ్యం డబ్బా వెనుక దాచును. రాత్రి రెండుసార్లు లేచి బిడ్డ ఊపిరి చూచును. భయపడిన దినాన అడిగినదెల్ల ఇచ్చును, సెల్‌ఫోను కూడ అప్పుచేసి కొనియిచ్చినది. మరునాడు ఆ అప్పు గుర్తుకు వచ్చి కొట్టును. కొట్టి తానే ఏడ్చును. చిన్నకొడుకు ఎవరితోను మాట్లాడుట మానినాడు. ట్యూషను అయిపోయినను అచటనే కూర్చుండునట. వాని సంగతి నేనడుగువరకు ఎవరును చెప్పలేదు. ఇట్టి ఇండ్లలో జబ్బు లేని బిడ్డ కనబడకుండ పోవుట ఆనవాయితీ.

వారు చేయని ప్రయత్నం లేదు. ఊరికి పోయి మొక్కు చెల్లించినారు. తాయెత్తు కట్టించినారు. గాలి సోకినదని ఒకరు, ఎవరో చేసినారని మరొకరు చెప్పగా ఖర్చు పెట్టినారు. నేను వీటిని ఎగతాళి చేయను. గాలి సోకినదనుటలో ఒక దయ ఉన్నది: బిడ్డ వేరు, బిడ్డను పట్టినది వేరు. నా వికారం అను మాటలో ఆ దయ కూడ లేదు. నేను ఒప్పుకొనలేనిది బంధువుల సలహాను: "పెండ్లి చేస్తే కుదురుకుంటది." విడిచిపోవుదురను భయంతో కాలుచున్న బిడ్డను, తల్లిని విడిచి, ఎరుగని ఇంటికి పంపుట ఏ విధంగా మందు అగును? ఆ ఇంటివారికి నిజం దాచి చేసినచో అది ఇద్దరికి అన్యాయం.

ఆస్పత్రికి పోవుటకు వారు జంకినది పోలీసుల వలన కూడ. ఆత్మహత్యాయత్నం నేరమను పాత చట్టం భయం ఇంకను పోలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ విభాగం అట్టివారిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవారుగా భావించి శిక్షింపరాదన్నది. 2024 జూలైలో అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత పాత నేరాన్ని సాధారణ రూపంలో నిలుపుకొనలేదు. ఈ సంగతి తల్లికి చెప్పినప్పుడు, "మరి గీ ముచ్చట మాకెవరు జెప్పాలె?" అన్నది. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలిమానస్ అను ప్రభుత్వ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో భాషను ఎన్నుకొనవచ్చును. అందు తెలుగు కూడ ఉన్నది. లింబాయత్‌లో కూర్చుండి తెలుగులో చెప్పుకొనవచ్చును అనుట ఆమెకు వింతగా తోచినది.

నాలుగు నెలల తరువాత నేను మరల సూరత్‌కు పోయినాను. అమ్మాయి వారానికొకసారి ఆస్పత్రికి పోవుచున్నది. మధ్యలో ఒక చెడ్డ రాత్రి వచ్చినదట, కాని ఆ రాత్రి అమ్మాయియే తల్లిని లేపినది. డాక్టరుగారిని అనుమతి అడిగి, ఈసారి నేను పేరును అనువదించలేదు. పేరు చెప్పక విషయం చెప్పినాను. ఒళ్ళు కాలినవారి పోలికను చెప్పినాను. బిడ్డ గుణం చెడ్డది కాదు, పుట్టుకతోనే పలుచని మనసు. దానికి తగిలిన దెబ్బలు మీకు చిన్నవిగా కనబడినవి, ఆమెకు చిన్నవి కావు. అందులో మీరు చేసిన పొరపాట్లున్నవి, మీరు చేయనివి కూడ ఉన్నవి. చాలమందికి నయమగును, ఏండ్లు పట్టును, అన్నియు తిరిగి రాకపోవచ్చును. ఇంత చెప్పుటకు అరగంట పట్టినది. మొదటి దినాన నేను మూడు మాటలలో ముగించినాను.

ఆమె చాలసేపు ఊరకున్నది. "పచ్చిపుండసొంటి మనసన్నట్టు" అన్నది. ఆ మాటకంటె మంచి అనువాదం నా దగ్గర లేదు. పచ్చిపుండు అనినప్పుడు ఎవరిని నిందించుట లేదు. ముట్టుకొనరాదని, అయినను కడిగి కట్టు కట్టవలెనని, ఎండునని అందరికి తెలియును.

అమ్మాయి అప్పుడు, తానుగానే, తెలుగులో, బజారుకు పోయిన తల్లి ఆలస్యమైనప్పటి సంగతిని చెప్పినది. మధ్య మధ్య మాటలు దొరకక హిందీ మాటలు వేసినది. నేను అందించబోయి ఆగినాను. తల్లి, "పది నిమిషాలకే గంత పాణం బోతదా బిడ్డా?" అని మొదలుపెట్టి, సగంలో ఆగి, "పోతది గావచ్చు" అన్నది. పద్మశాలీలు తమ మూలపురుషునిగా చెప్పుకొను మార్కండేయుని తలచుకొని, "మార్కండయ్యకు పదారేండ్లకే గండం దప్పింది. మాకెన్నడు దప్పుతదో" అన్నది.

ఆస్పత్రి మెట్లపై నిలిచి ఆమె భర్తకు ఫోను చేసినది. అతడు ఆ వారం పగటి షిఫ్టులో ఉన్నాడు. ఫోనులోనుండి సాంచాల చప్పుడు నాకును వినబడుచున్నది. "నయమైతదంట" అన్నది. అతనికి వినబడలేదు కాబోలు. "నయమైతదంట, ఏండ్లు పడతదంట" అని మరల, ఈసారి గట్టిగా, మెట్లపై పోవువారు తిరిగి చూచునంత గట్టిగా చెప్పినది.